ఐక్యూ అంకె ఒక్కటే రాస్తే చాలదు

సంపాదకుల వారికి,

బడులు తెరిచే ముందు కర్నూలు, ఆదోని వీధుల్లో 'మీ పిల్లవాడి ఐక్యూ ఎంతో తెలుసా?' అని ఫ్లెక్సీలు వేలాడుతుంటాయి. సదరం (వైకల్య ధ్రువపత్రం ఇచ్చే) క్యాంపు రోజున అదే అంకె కోసం తల్లులు బిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని పొద్దున్నుంచీ వరుసలో కూర్చుని ఉంటారు. ఇక వాట్సాప్‌లో దేశాలవారీ సగటు ఐక్యూ పట్టిక ఒకటి ఏడాదికోసారి ఊరేగుతుంది. మూడు చోట్లా రాసేది రెండు మూడంకెల సంఖ్యే గానీ, మూడు చోట్లా దాని బరువు వేరు. ఏ పరీక్ష పెట్టారు, ఏ భాషలో అడిగారు, ఎవరితో పోల్చారు, ఎంత అటూ ఇటూ కావచ్చు అన్న నాలుగు సంగతులు లేని ఐక్యూ అంకె, సరుకు పేరు లేకుండా తూకం మాత్రమే రాసిన మార్కెట్ యార్డు చీటీ లాంటిది. ఈ రంగంలో పనిచేసేవాళ్లంగా ఆ నాలుగు సంగతులూ ఎందుకంత ముఖ్యమో పాఠకుల ముందు పెట్టాలనుకుంటున్నాం.

చిక్కు మాట దగ్గరే మొదలవుతుంది. 'బుద్ధిగా కూర్చో' అంటే అల్లరి చేయకుండా కూర్చోమని. బుద్ధిమంతుడు అంటే పెద్దల మాట వినేవాడు. 'అతితెలివి' తిట్టు. 'ఆ పిల్లకు వివరముంది' అంటే సంతలో బేరం నుంచి చుట్టాల మర్యాద దాకా చక్కబెట్టుకు రాగలదని మెచ్చుకోవడం. తూర్పు జాంబియాలోని చేవా భాషలో 'న్జేలు' అనే మాట కూడా ఇట్లాంటిదే, అందులో చురుకుదనంతో పాటు బాధ్యత, నమ్మకస్తుడన్న గుణం కలిసి ఉంటాయని మనస్తత్వవేత్త రాబర్ట్ సెర్పెల్ వివరించాడు. పరీక్ష అడిగే తెలివి వేరు. పరిచయం లేని పెద్దమనిషి ఎదురుగా కూర్చుని, గడియారం నడుస్తుండగా, ఒకదానికొకటి సంబంధం లేని ప్రశ్నలకు వెనకాడకుండా జవాబివ్వడం దానికి కావాలి. ఇంట్లో బుద్ధి నేర్పిన పిల్ల అడిగినంతవరకే ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. కచ్చితంగా తెలియనిది ఊహించి చెప్పదు, 'తెల్దు' అంటుంది. వెక్స్లర్ తరహా పరీక్షల్లో అర్థాలు, పోలికలు అడిగే భాగాల్లో నిండు జవాబుకు 2 మార్కులు, అరకొర జవాబుకు 1. 'ఇంకొంచెం చెప్పమ్మా' అని అడగడానికి పరీక్షకుడికి నియమాలు కొన్ని చోట్ల వీలిస్తాయి. ఆ వీలును తొందరలో వాడుకోనివాడి చేతిలో ఆ పిల్ల ప్రతి ప్రశ్నకూ ఒక్కో మార్కు పోగొట్టుకుంటూ పోతుంది.

ఇంతకీ ఆ అంకె ఎట్లా పుట్టింది? 1904లో ఫ్రాన్స్ విద్యాశాఖ, మామూలు తరగతిలో నెగ్గుకు రాలేని పిల్లల్ని గుర్తించే దారి చూపమని ఒక కమిషన్ వేసింది. ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ కలిసి 1905లో 30 అంశాల కొలబద్ద తయారుచేశారు. పిల్లవాడు ఏ వయసు పిల్లల పనులు చేయగలుగుతున్నాడో దాన్నే 'మానసిక వయసు' అన్నారు. దాన్ని అసలు వయసుతో భాగించాలన్నది 1912లో జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ ఆలోచన. అదే ఐక్యూ. ఈ బిడ్డకు సాయం కావాలా అని చూసే పనిముట్టు అది. పుట్టుకతో వచ్చిన, మారని తెలివిని కొలిచే త్రాసని బినే ఎన్నడూ అనలేదు. ఆ రంగు తర్వాత అమెరికాలో అంటుకుంది.

మన దగ్గర ఇప్పటికీ వాడే పరీక్షల వయసు చూడండి. బినే పరీక్షను వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లల కోసం సవరించింది 1934లో. భాటియా బొమ్మల, దిమ్మెల పరీక్ష 1955 నాటిది. నాగపూర్‌లో మాలిన్ భారతీయ పిల్లల కోసం మార్చిన వెక్స్లర్ పరీక్ష 1969 నాటిది. మూడూ తమ కాలానికి మంచి పనులే. అయితే 'నీకు 88 వచ్చింది' అంటే, ఆ పరీక్షను సరిచూసిన నాటి పిల్లల గుంపులో నువ్వు ఫలానా చోట నిలబడతావు అనే అర్థం. కోసిగి పిల్లవాణ్ని ఎవరి పక్కన నిలబెట్టి ఎత్తు కొలిచారో చెప్పకుండా పొట్టి, పొడుగు అని తేల్చేస్తే ఎట్లా?

అందరూ తేలిగ్గా తీసుకునే పుట్టినతేదీ దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. వయసుతో భాగించి ఐక్యూ తేల్చే పరీక్షల్లో కింద ఉండే అంకె దాని నుంచే వస్తుంది. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు అంచనాకు వేసిన జూన్ నెల తేదీ ఆధార్‌లోకీ, అక్కడి నుంచి ఆసుపత్రి కాగితంలోకీ పాకుతుంది. ఒక బిడ్డ మానసిక వయసు 6 ఏళ్లు, అంటే 72 నెలలు అనుకోండి. కాగితం మీద వయసు 9 ఏళ్లయితే 72ని 108తో భాగించి వందతో గుణిస్తే 67. నిజంగా ఆ బిడ్డకు 8 ఏళ్లే అయితే 72ని 96తో భాగించాలి, 75 వస్తుంది. సదరంలో దీని వల్ల పడే తేడా చిన్నది కాదు. మేధో వైకల్యం శాతాన్ని తేల్చడానికి 2018 జనవరిలో కేంద్రం గెజిట్‌లో ఇచ్చిన పట్టిక, బిడ్డ రోజువారీ పనులు చూసి వేసే వైన్‌ల్యాండ్ సామాజిక పరిణతి స్కోరు మీద నడిచేది. అదీ సామాజిక వయసును అసలు వయసుతో భాగించేదే. అందులో 55 నుంచి 69 వస్తే 50 శాతం వైకల్యం, 70 నుంచి 84 వస్తే 25 శాతం. పింఛనుకు 40 శాతం ఉండాలి. బిడ్డ అదే, చేసిన పనులూ అవే, పుట్టినతేదీలో ఒక్క ఏడాది తేడాతో నెలకు 6,000 రూపాయలు వస్తాయి లేదా రావు. తేదీ అటు తప్పితే లేని వైకల్యం కనిపిస్తుంది, ఇటు తప్పితే ఉన్నది దాగిపోతుంది. అందుకే పరీక్షకు ముందు టీకాల కార్డు, అంగన్‌వాడీ రిజిస్టరు, ఆసుపత్రి కాన్పు చీటీ, ఏదీ లేకపోతే 'ఏ పండగ ముందు పుట్టాడు, అప్పుడు చేలో ఏం పైరుంది' అని అమ్మమ్మను అడిగి రాసుకోవడం, ఇవన్నీ పరీక్షలో భాగమే. దానికి పట్టేది పది నిమిషాలు.

ఇక భాష. తెలుగు పిల్లవాడికి తెలుగులో అడిగితే సరిపోయిందనుకుంటారు. ఏ తెలుగు? పాఠ్యపుస్తకం తెలుగులో వాకిలి అంటే ఇంటి ముందర చోటు. మన వైపు వాకిలి వేయడమంటే తలుపు మూయడం. కోస్తావాళ్లకు ఆనపకాయ అంటే సొరకాయ, మనకు అనపకాయ అంటే పితికి పప్పు తీసుకునే గింజ. ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, వేరుశనగ ఊరిని బట్టి సెనక్కాయ లేదా బుడ్డలు. బొమ్మ చూపించి పేరడిగితే పిల్లవాడు తన ఇంటి మాట చెబుతాడు. జవాబుల పుస్తకంలో ఆ మాట లేదని సున్నా వేసేవాడు కొలుస్తున్నది తెలివిని కాదు, దూరాన్ని. పైగా జిల్లాలో ఆదోని వైపు కన్నడం, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ, తండాల్లో లంబాడీ ఇంటి భాషలు. బడిలో మూడేళ్లు తెలుగు చదివిన తండా బిడ్డ తెలుగులో చకచకా మాట్లాడుతుంది కాబట్టి తెలుగులో పరీక్ష పెట్టొచ్చు అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. సంతలో మాట్లాడే భాషా, 'ఈ రెండింటికీ పోలికేమిటి' అన్న ప్రశ్నకు తర్కించే భాషా ఒకే రోజు రావు.

భాష సమస్య లేదని అందరూ నమ్మే చోట కూడా అది ఎట్లా దూరుతుందో చూపించడానికి అంకెలు గుర్తుపెట్టుకునే భాగం కన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు. పరీక్షకుడు సెకనుకు ఒక అంకె చొప్పున చదువుతాడు, పిల్లవాడు అదే వరుసలో తిరిగి చెప్పాలి. మూడంకెలు, నాలుగు, ఐదు అని పెంచుకుంటూ పోతారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా తెలుగులో పలికి అక్షరాలు లెక్కపెట్టండి. ఒకటి 3, రెండు 2, మూడు 2, నాలుగు 3, ఐదు 2, ఆరు 2, ఏడు 2, ఎనిమిది 4, తొమ్మిది 3. మొత్తం 23. కన్నడంలో 20. ఇంగ్లీషులో 'సెవెన్' తప్ప అన్నీ ఒక్కో పలుకే, మొత్తం 10. ఉర్దూలో ఏక్, దో, తీన్ మొదలు నౌ దాకా 9. మనిషి వరసగా గుర్తుపెట్టుకోగలిగేది సుమారు రెండు సెకన్లలో మనసులో పలుక్కోగలిగినంత అని 1975లో బ్రిటన్‌లో మనస్తత్వవేత్త బాడ్లీ, అతని తోటివాళ్లు చూపించారు. 1980లో వేల్స్‌లో ఇదే బయటపడింది. వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లకు ఇంగ్లీషు అంకెలు ఎక్కువ గుర్తున్నాయి, ఎందుకంటే వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది. అప్పటిదాకా వెల్ష్ పిల్లల జ్ఞాపకశక్తే తక్కువేమో అన్నట్టుండేది వ్యవహారం. కాబట్టి ఇంగ్లీషు మీడియం పిల్లవాడికి 'ఫోర్, నైన్, టూ' అనీ, పక్క ఊరి పిల్లకు 'నాలుగు, తొమ్మిది, రెండు' అనీ చదివి, ఇద్దరి మార్కుల్నీ ఒకే పట్టికలో చూసేవారు ఏ భాషలో చదివారో పక్కన రాయకపోతే ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఇక ఎవరూ చెప్పలేరు. రాయడానికి పట్టేది ఒక్క మాట.

పోలికల ప్రశ్నలు ఇంకో రకం. (అసలు పరీక్షలోని ప్రశ్నలు పత్రికలో అచ్చువేయకూడదు, వేస్తే రేపటికి కోచింగ్ మొదలవుతుంది. అందుకని ఇక్కడ చెప్పేవి అలాంటివి మాత్రమే.) గొర్రు, గుంటక, ఎద్దు, సెనక్కాయ. వీటిలో చేరనిది ఏది? పుస్తకం లెక్కలో సెనక్కాయో ఎద్దో బయటికి పోవాలి. సేద్యం ఇంటి పిల్లవాడు ఏదీ తీయడు. ఎద్దు లేకపోతే గొర్రు కదలదు, గుంటక తోలకపోతే చేను చదును కాదు, విత్తనం లేకపోతే ఇవన్నీ ఎందుకు? 1931, 1932ల్లో ఉజ్బెకిస్థాన్‌లో సోవియట్ మనస్తత్వవేత్త అలెగ్జాండర్ లూరియా సుత్తి, రంపం, గొడ్డలి, మొద్దు చూపిస్తే బడి ముఖం చూడని రైతులు సరిగ్గా ఇట్లాగే అన్నారు, మొద్దు లేకుండా రంపంతో ఏం చేస్తామని. లైబీరియాలో కెపెల్లే జాతివాళ్లతో పనిచేసినవారు ఇంకో మెట్టు ఎక్కారు. వస్తువుల్ని జతచేయమంటే వాళ్లు కత్తి పక్కన పండు పెట్టారు, తెలివైనవాడు ఇట్లాగే పెడతాడన్నారు. 'మరి తెలివితక్కువవాడు ఎట్లా పెడతాడు?' అని అడిగితే, తిండి వస్తువులన్నీ ఒక కుప్ప, పనిముట్లన్నీ ఒక కుప్ప అని పరీక్షకులు కోరుకున్నట్టే చక్కగా వేరుచేసి చూపించారు. వాళ్లకు అది చేతకాక కాదు. అట్లా అడుగుతున్నారని తెలియక. దీనికి మందు సులువు. ప్రశ్నకు ముందు మార్కుల్లేని రెండు మూడు ఉదాహరణలు చేసి చూపించడం, ఎట్లాంటి జవాబు కావాలో పిల్లవాడికి తెలిసిందని తేలాకే గడియారం మొదలుపెట్టడం.

సరే, మాటలే వద్దు, బొమ్మలు పెడదాం అన్నారు. 1917లో అమెరికా సైన్యం చదువురానివాళ్ల కోసం, ఇంగ్లీషు రానివాళ్ల కోసం బొమ్మల పరీక్ష పెట్టింది. అందులో ఒక బొమ్మ నెట్ లేని టెన్నిస్ కోర్టు, ఇంకొకటి గొట్టం లేని ఫోనోగ్రాఫ్. ఏం లోపించిందో గీయాలి. టెన్నిస్ చూడని ఇటలీ కూలీ ఏం గీస్తాడు? ఆ తర్వాత బొమ్మల్లో వస్తువులే లేకుండా, గీతలూ ఆకారాలతో 1938లో రేవెన్ మాట్రిసెస్ పరీక్ష వచ్చింది. 60 ప్రశ్నలు, ఐదు వరసలు, ప్రతి నమూనాలో ఖాళీగా వదిలిన ముక్కను ఎంచుకోవాలి. ఇది ఏ సంస్కృతికీ చెందనిదని చాలా కాలం నమ్మారు. అయితే జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు లెక్కలు తీసేసరికి తరాలు మారేకొద్దీ మార్కులు ఎక్కువగా పెరిగింది ఇలాంటి పరీక్షల్లోనే. నెదర్లాండ్స్‌లో సైన్యంలో చేరే 18 ఏళ్ల కుర్రాళ్లు 1952 నుంచి 1982 మధ్య ముప్పై ఏళ్లలో సుమారు 20 పాయింట్లు పెరిగారు. ముప్పై ఏళ్లలో జన్యువులు మారవు. మారింది బడి, అచ్చు బొమ్మ, పటాలు చదివే అలవాటు. సంస్కృతి అంటదన్న పరీక్షే కాలంతో పాటు అన్నిటికన్నా ఎక్కువ కదిలింది.

రంగు దిమ్మెల పరీక్షలో ఈ అలవాటు కళ్ల ముందే కనిపిస్తుంది. కార్డు మీద అచ్చువేసిన రంగుల నమూనా ఇచ్చి, చెక్క దిమ్మెలతో అట్లాగే పేర్చమంటారు. కొందరు పిల్లలు దిమ్మెను పైనుంచి చూడరు, పక్క ముఖాల రంగు కూడా కార్డుకు కలవాలేమోనని చేతుల్లో తిప్పుతూ కూర్చుంటారు. పేర్చినదాన్ని మళ్లీ విప్పుతారు, సమయం అయిపోతుంది. వస్తువుకు నాలుగు వైపులుంటాయి, బొమ్మకు ఒకటే వైపు అన్నది కాగితంతో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేని ఒప్పందం. మట్టితో, చెక్కతో ఆడుకున్నవాళ్లకు చెప్పాలి. ముందు దిమ్మెలతోనే ఒక నమూనా కట్టి, దాన్ని చూసి కట్టమని, ఆ తర్వాతే కార్డు ఇస్తే ఈ తికమక చాలావరకు పోతుంది. సెర్పెల్ 1979లో జాంబియా, ఇంగ్లండ్ పిల్లలకు ఒకే నమూనాను మూడు రకాలుగా చేయమన్నాడు. పెన్సిల్‌తో గీయడంలో ఇంగ్లండ్ పిల్లలు, తీగ వంచడంలో జాంబియా పిల్లలు ముందున్నారు. మట్టితో చేయడంలో ఇద్దరూ సమానమే. మన దగ్గర చూడాలంటే ఎమ్మిగనూరులో మగ్గం ఇంటి పిల్లలున్నారు. జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడ్డాక మట్టిలో వజ్రం మెరుపును గులకరాయి మెరుపు నుంచి వేరుచేసే కళ్లున్నాయి. పులిజూదంలో మూడు పులుల్ని పదిహేను మేకలతో కట్టేసే ఎత్తులున్నాయి. వీటిని ఏ పరీక్షా అడగదు. అడిగితే ఇంగ్లీషు మీడియం పిల్లలు వెనకబడతారు, అప్పుడు పరీక్ష బాగాలేదని ఫిర్యాదు రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంతదాకా చదివి 'అయితే ఈ పరీక్షలన్నీ దండగే' అనుకునేవారు ఉంటారు. మా అభిప్రాయం అది కాదు. రెండు వేరు వేరు సంగతుల్ని కలపకూడదు. కొలబద్దే వంకరైతే ఒక సమస్య. కొలబద్ద సరిగ్గా ఉండి, బిడ్డకు జరిగిన అన్యాయాన్ని చూపిస్తుంటే అది ఇంకో సమస్య. పశ్చిమ మండలాల నుంచి సుగ్గికి, అంటే పనుల కోసం వలస, పోయే కుటుంబాల పిల్లలు పత్తి తీతకో మిరప కోతకో అమ్మానాన్నల వెంట వెళ్లి ఏటా కొన్ని నెలలు బడికి దూరమవుతారు. బడిలో ఒక్కో ఏడాది చదువు ఐక్యూను సుమారు 1 నుంచి 5 పాయింట్లు పెంచుతుందని 2018లో ఆరు లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసిన పరిశీలన తేల్చింది. సుగ్గి పిల్లవాడికి తక్కువ మార్కు వస్తే అందులో అబద్ధమేమీ ఉండకపోవచ్చు, వచ్చే ఏడాది తరగతిలో వెనకబడతాడని అది సరిగ్గానే చెబుతుండొచ్చు. 'పుట్టుకే అంత' అని దాన్ని చదవడంలోనే అబద్ధం ఉంది. కాలిఫోర్నియాలో 1979లో ఒక న్యాయమూర్తి, నల్లజాతి పిల్లల్ని ఐక్యూ పరీక్ష ఆధారంగా మందబుద్ధుల తరగతుల్లో వేయడాన్ని ఆపేశారు. ఆ తీర్పు సబబే అంటాం. పరీక్ష తీసేస్తే ఆ స్థానంలోకి వచ్చేది ఏమిటని కూడా అడుగుతాం. పరీక్ష లేని చోట తీర్పు చెప్పేది పంతులు కంటిచూపు, బిడ్డ చొక్కా, ఇంటిపేరు. వాటికి అటూ ఇటూ ఎంత తప్పు పడుతుందో ఎవరూ లెక్క కట్టరు.

పరీక్షకైతే కట్టొచ్చు. విశ్వసనీయత (మళ్లీ పెట్టినా అదే మార్కు వచ్చే స్థిరత్వం, పూర్తిగా ఉంటే 1) 0.91 ఉన్న మంచి పరీక్ష తీసుకోండి. ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ మార్కులు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15. 1 నుంచి 0.91 తీసేస్తే 0.09, దాని వర్గమూలం 0.3, దాన్ని 15తో గుణిస్తే 4.5. నూటికి 95 పాళ్లు నమ్మకంగా చెప్పాలంటే దానికి దాదాపు రెండు రెట్లు అటూ ఇటూ వేయాలి. అంటే 70 అని రాసిన చోట నిజానికి రాయాల్సింది '61 నుంచి 79 మధ్య'. పాత ప్రమాణాలు (అంటే పోల్చడానికి వాడే పాత గుంపు మార్కులు), పరాయి భాష, తెలియని వయసు కలిస్తే ఈ సందు ఇంకా వెడల్పవుతుంది. మంచి పరీక్షకే ఇట్లా ఉంటే, ఫ్లెక్సీల్లోని ఇరవై నిమిషాల ఫోన్ పరీక్ష '127' అని ఇచ్చే సర్టిఫికెట్‌ను అటక మీద పెట్టొచ్చు.

వాట్సాప్ పట్టిక సంగతి ఒక్క ముక్కలో. దాని మూలం 2002లో వచ్చిన ఒక పుస్తకం. అందులో 185 దేశాలకు అంకెలిచ్చారు. వాటిలో కాస్తో కూస్తో పరీక్షల సమాచారం ఉన్నవి 81. మిగతా 104 దేశాలకు ఇరుగుపొరుగు దేశాల అంకెలు చూసి అంచనా వేశారు. పక్కింటివాళ్ల కరెంటు బిల్లు చూసి మన మీటరు రీడింగు రాసినట్టు.

రెండు గుంపుల్ని పోల్చడం న్యాయమో కాదో తేల్చడానికి సాంకేతికంగా ఒక దారి ఉంది, మన విశ్వవిద్యాలయాలు తలుచుకుంటే జిల్లాలోనే చేయొచ్చు. ఇంటి భాష తెలుగైన పిల్లల్నీ, కన్నడమైన పిల్లల్నీ తగినంత మందిని తీసుకుని ఒకే పరీక్ష పెట్టాలి. మొత్తం మార్కులు సమానంగా వచ్చిన పిల్లల్ని జతచేసి, ఒక్కో ప్రశ్ననూ విడిగా చూడాలి. మొత్తంలో సమానమైన ఇద్దరిలో ఒక భాషవాళ్లే పదిహేడో ప్రశ్న దగ్గర పదే పదే జారుతుంటే, తప్పు ఆ ప్రశ్నదే. దాన్ని తీసేయాలి లేదా మార్చాలి. అనువాదం సరిగ్గా ఉందా లేదా అన్నది ఒకరు తెలుగు చేసి, ఇంకొకరు దాన్ని తిరిగి మూలభాషలోకి మార్చితే కొంత తెలుస్తుంది. అయితే అనువాదం అచ్చంగా సరిపోయినా ప్రశ్న కష్టం మారిపోవచ్చు, అంకెల దగ్గర చూశాం కదా. ఈ పని చేయకుండా రెండు భాషల పిల్లల సగటులు పక్కపక్కన రాసే వ్యాసాల్ని అనుమానంగానే చదవాలి. తెలుగు పిల్లల మీద, అందులోనూ సీమ పల్లెల్లో సరిచూసిన తాజా ప్రమాణాలు కావాలన్నది మా మొదటి కోరిక.

రెండోది వెంటనే చేయదగ్గది. ఆసుపత్రి అయినా, ప్రైవేటు క్లినిక్ అయినా, భవిత (ప్రత్యేక అవసరాలున్న పిల్లల) కేంద్రం అయినా ఇచ్చే రిపోర్టులో అంకెతో పాటు పరీక్ష పేరు, దాని ప్రమాణాల సంవత్సరం, అడిగిన భాష, బిడ్డ ఇంటి భాష, వయసుకు ఏ ఆధారం చూశారు, 95 శాతం నమ్మకంతో కింది అంకె, పై అంకె తప్పక ఉండాలి. దానికింద బిడ్డ రోజువారీ పనుల వివరం ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మేధో వైకల్యానికి తెలివితేటల లోపంతో పాటు రోజువారీ నడవడిలో లోపం కూడా ఉండాలంటుంది, ఏదో ఒకటి చాలదు. నడవడి గురించి అడిగేటప్పుడు 'చేయగలడా' అనీ 'చేస్తాడా' అనీ విడివిడిగా అడగాలి. ఒక్కగానొక్క బిడ్డకు పదేళ్లొచ్చినా అమ్మ అన్నం కలిపి పెట్టే ఇళ్లున్నాయి. ఎనిమిదేళ్లకే పది మేకల్ని తోలుకెళ్లి లెక్క తప్పకుండా తోలుకొచ్చే పిల్లలూ ఉన్నారు. అమ్మానాన్న సుగ్గికి పోతే వివరాలు అడగాల్సింది వాళ్లను ఫోన్లో కాదు, బిడ్డను సాకుతున్న అవ్వను. పింఛను రావాలని తగ్గించి చెప్పేవాళ్లు, పెళ్లిసంబంధాలకు అడ్డొస్తుందని పెంచి చెప్పేవాళ్లు ఇద్దరూ వస్తారు. కోపగించుకోకుండా బడి అయ్యవారినో అంగన్‌వాడీ టీచరునో రెండో సాక్షిగా అడిగితే సరిపోతుంది.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు. పరీక్షకు ముందు చెవులు, కళ్లు చూపించండి. చెవిలో గుబిలి గట్టిపడి ప్రశ్న సగమే వినిపించిన బిడ్డకు ఏ పరీక్షా న్యాయం చేయదు. ఫిట్స్ మందులు వాడుతుంటే చీటీ తీసుకెళ్లి చూపించండి, కొన్ని మందులు మగతగా ఉంచుతాయి. తొలి బస్సుకు బయల్దేరి, తినకుండా, మధ్యాహ్నం ఒంటిగంట దాకా వరుసలో నిలబడిన బిడ్డను ఆ పూట పరీక్షకు కూర్చోబెట్టకండి, ఇంకో రోజు అడిగి తీసుకోండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఎవరూ అడగకపోయినా మీరే చెప్పండి. రిపోర్టు చేతికొచ్చాక అంకె పక్కన భాష, పరీక్ష పేరు లేకపోతే అక్కడే నిలబడి రాయించుకోండి.

ఇట్లు,
పిల్లల మానసిక పరీక్షలు, ప్రత్యేక విద్య రంగాల్లో పనిచేసే కొందరం,
కర్నూలు.